చివరి వరసలో రెండు టికెట్లు

సంగీతం డబ్బున్నవాళ్ల సొత్తని ఎవరన్నా అంటే నాకు ఒళ్లు మండుతుంది. కుట్టుమిషన్ల షెడ్డులో పనిచేసే నేనూ, మా తోడికోడలూ తొమ్మిదేళ్లుగా నెలనెలా కచేరీ వింటున్నాం. బాల్కనీ చివరి వరసలో చవక టికెట్లు ఇరవయ్యే ఉంటాయి. కౌంటరు పొద్దున్నే తెరుస్తారు, మనిషికి రెండే ఇస్తారు. ఒక నెల క్యూలో నేను నిలబడతాను, ఒక నెల తను. పాటంటే ఆవులించే మనిషిని ఈడ్చుకెళ్లి ఆ రుచి మప్పింది నేనే.

ఈసారి ఫిడేలు పెద్దాయన కచేరీ. వంతు తనది. నాకేమో ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కుడి చెవికి వచ్చే వారం ఆపరేషన్. "వినికిడి మిగులుతుందో లేదో చెప్పలేనమ్మా" అన్నాడు డాక్టరు. ఆ సంగతి ఇంట్లో తనొక్కదానికే చెప్పుకున్నాను.

"అయిపోయాయక్కా టికెట్లు! సరిగ్గా నా ముందే మూసేశాడు, పాపిష్టోడు" అంది ఫోనులో. పైగా నేనే ఓదార్చాను, చూడండి నా బుద్ధి!

అయినా మనసాగక సాయంత్రం హాలుకి వెళ్లాను. విరామంలో ఇళ్లకు పోయేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. గేటు దగ్గర అడిగితే టికెట్టు చేతిలో పెట్టి పోతారు. చేతిలో పైసా లేని నెలల్లో మేమిద్దరం అలా ఎన్ని సగం కచేరీలు విన్నామో.

తలుపులు తెరిచారు. "వెళ్లిపోతున్నారాండీ?" అని మొహం కూడా చూడకుండా మొదట వచ్చినావిణ్ణి అడిగాను. తలెత్తితే మా తోడికోడలు! వెనకాలే మా షెడ్డు సూపర్‌వైజరమ్మ, కాఫీ ఎక్కడ దొరుకుతుందా అని చూస్తోంది.

తను నన్ను గోడవారకి లాగింది. "నీకు దణ్ణం పెడతా, ఇక్కడ అరవకక్కా. ఆవిడే వస్తానంది, కాదనలేకపోయాను."

"అయితే ఆవిడతో నన్ను పంపొచ్చుగా? నీకు ఇంకో నెల ఉంది. నాకుందా?"

తను నేలచూపులు చూసింది. "నీకెలాగూ సరిగ్గా వినపడదు కదా అనుకున్నా."

రోషమున్నదాన్నయితే చెంప పగలగొట్టి ఇంటికి పోవాలి. ఇంతలో గంట మోగింది. తన చేతిలో టికెట్టు లాక్కుని గబగబా మెట్లెక్కాను.

సీటింకా వెచ్చగానే ఉంది. కుడి చెవి వేదికవైపు తిప్పి కూర్చున్నాను. పెద్దాయన వాయించాడు, జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఏం వాయించాడంటే చెప్పలేను. ఆ గంటసేపూ నా చెవిలో దాని మాటే మోగుతూ ఉంది.