రాజుగారి మొగుడు

లాక్‌డౌన్‌లో ఐర్లండ్‌లోని నేస్ ఊరి తెలుగువాళ్ళంతా ఆదివారాలు జూమ్‌లో క్విజ్ పెట్టుకునేవారు. ఆ వారం చాముండేశ్వరి ఆంటీ వంతు.

"రాజుగారు ఇంకో మగాణ్ణి పెళ్ళాడితే, ఆ మొగుణ్ణి ఏమని పిలవాలి?"

కోవిడ్ వార్డులో డ్యూటీ దిగొచ్చి, కెమెరాకి కనబడకుండా పురుషోత్తం పక్కన కూర్చుని అన్నం తింటున్న నతానియేల్ చెయ్యి ఆగిపోయింది. వాళ్ళిద్దరికీ నిరుడే రిజిస్టరు పెళ్ళయింది. ఆ సంగతి ఇవాళ అందరికీ చెప్పేస్తానని పొద్దునే నతానియేల్‌కి మాటిచ్చాడు పెద్దమనిషి.

"రూమ్మేట్ అనాలి ఆంటీ," అన్నాడు పురుషోత్తం. అందరూ పడీపడీ నవ్వారు.

నతానియేల్ చివాల్న లేచాడు. పురుషోత్తం హడావిడిగా వీడియో ఆపేశాడు.

"పిచ్చా నీకు? మన పెళ్ళి సంగతి తెలిస్తే నా పరువు గంగలో కలిసిపోదూ?"

మైకు ఇంకా ఆగలేదని నతానియేల్ చూశాడు.

"ఊఁ, ఇంకా చెప్పు," అన్నాడు.