బల్గేరియా ఉస్తాద్

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. నా మొగుడు నన్నూ పాపనూ వదిలేసి ఆ బల్గేరియా మనిషి వెంట వెళ్ళిపోతాడని.

మా ఆయన నర్సింహ సినిమాల్లో ఫైటర్. హీరో కొడితే ఎగిరిపడే నలుగురిలో ఒకడు. పెళ్ళికి ముందు గోషామహల్‌లో నిజం బాక్సింగ్ ఆడేవాడు. కృష్ణానగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం. పోయిన ఏడాది, తొంభై రెండులో, పాపకు ఏడో నెల నడుస్తుండగా, మా మీది గదిలో స్తోయన్ దిగాడు.

ఆరడుగుల మనిషి. ముక్కు రెండు చోట్ల వంకర. బొంబాయిలో ఏవో పోటీలకు వాళ్ళ దేశం పిల్లలకు కోచ్‌గా వచ్చి తిరిగి వెళ్ళలేదట. అక్కడ ఆయన క్లబ్బును నడిపే ఫ్యాక్టరీ మూతపడిందట. ఒక సినిమా మేనేజరు చూసి, విలన్ పక్కన నిలబెట్టడానికి పట్టుకొచ్చాడు. యూనిట్‌లో అందరూ ఆయన్ని "బల్గేరియా" అనేవారు. మా ఆయన మాత్రం "ఉస్తాద్" అన్నాడు.

ఆ ఉస్తాద్ చరిత్ర నాకు నా పుట్టినరోజు కంటే బాగా తెలుసు. రోజూ అన్నం ముందు అదే ముచ్చట. పన్నెండేళ్ళకు గ్లవ్స్ తొడిగాడు. డెబ్బై ఒక్క కిలోల బరువులో రెండుసార్లు దేశం మొత్తానికి ఫస్టు. పైసలకు ఎన్నడూ ఆడలేదు, అంతా దేశం పేరు మీదే. ఎనభై నాలుగు ఒలింపిక్స్‌కు పేరు వచ్చింది, కొత్త బూట్లు కూడా ఇచ్చారు. రష్యా వెళ్ళనంటే వీళ్ళ దేశమూ వెళ్ళలేదు. ఎనభై ఎనిమిదిలో అసలు పేరే రాలేదు. ఎందుకు రాలేదో మాత్రం ఆయన చెప్పడు.

"గ్లవ్ మీద తెల్లగ ఉంటది చూడు, గది తగిల్తెనే పాయింటు," అని మా ఆయన నా స్టవ్ ముందు గాల్లోకి గుద్దులు విసిరేవాడు.

"పప్పు మాడుతుంది, జర జరుగు."

"నీకేం తెలుస్తది లక్ష్మీ. ఉస్తాద్ నన్ను వాళ్ళ దేశంల సోఫియాకు తోల్కపోతా అన్నడు. గాడ క్లబ్బు పెడ్తడట."

"పో. నేను పాపను చంకనేసుకొని స్టూడియో గేటు కాడ నిలబడ్త. ఎవరన్న తల్లి వేషం ఇస్తరేమో."

నవ్వాడు. పాస్‌పోర్టు ఫారం మాత్రం తెచ్చి నింపాడు. ఏడో తరగతితో చదువు ఆగినదాన్ని నేను. అయినా అందులో భార్య పేరు రాసే గడి ఎక్కడుందో నేనే వెతికి చూపించాను.

తెల్లవారకముందే లేచి ఇద్దరూ జూబ్లీహిల్స్ బండల మీద పరుగెత్తేవారు. పాప ఒళ్ళు కాలిపోతుంటే "నువ్వే చూస్కో" అన్న మనిషి, ఉస్తాద్ మోకాలు పట్టేస్తే పాప కోసం దాచిన నువ్వుల నూనె తీసుకెళ్ళి రాశాడు. ఆడదైతే జుట్టు పట్టుకుని అడిగేదాన్ని. మగమనిషిని ఏమని అడగను? పైగా ఆయన నన్ను "అక్కా" అని పిలిచేవాడు. మా ఆయన నేర్పిందే. ఆ పిలుపుకు కూడా నాకు కడుపు మండేది.

ఒకరోజు చాయ్ గ్లాసు స్తోయన్‌కు ఎడమవైపు నుంచి అందించాను. తీసుకోలేదు. పొగరనుకున్నాను. ఇంకాస్త జరిపాను, దాదాపు చెంపకు తగిలేదాకా. కదల్లేదు. పాప చూపు ఆనుతోందా లేదా అని వేళ్ళాడించి చూసేదాన్ని కదా, అట్లాగే ఆడించాను. ఆ కన్ను తెరిచే ఉంది, రెప్ప కూడా పడలేదు. గ్లాసు వేడి తగిలి అప్పుడు తిరిగాడు. నా ముఖం చూసి గుర్తుపట్టాడు. పెదవి మీద వేలు పెట్టుకున్నాడు.

"అక్కా, నర్సింహ నో. మాస్టర్ నో."

ఎనభై ఎనిమిదిలో పేరెందుకు రాలేదో అర్థమైంది. మా ఆయనకు తెలియనిది నాకు తెలిసింది. ఆ రోజు ఎంత హాయిగా పడుకున్నానో!

మరి ఫైట్లు ఎట్లా చేస్తున్నాడంటే, సినిమా ఫైట్లన్నీ లెక్క మీద నడుస్తాయి. మాస్టర్ "వన్, టూ, త్రీ" అని అరుస్తాడు. కొట్టేవాడు చెయ్యి విసురుతాడు, తినేవాడు ఆ అంకెకు ముఖం తిప్పుతాడు. కన్ను లేకపోయినా చెవి చాలు.

ఫిల్మ్‌నగర్ వెనక బండల్లో షూటింగ్ రోజు, పాపను ఎత్తుకుని టిఫిన్ క్యారియర్ తీసుకెళ్ళాను. ఆ రోజు మా ఆయన హీరోకు డూపు. ఫైట్ మాస్టర్ త్రినాథరావు గారు దుమ్ము లేపడానికి పెద్ద ఫ్యాన్ పెట్టించారు. అది తిరిగితే ఆ మోతలో పక్కవాడి మాట కూడా వినపడదు.

"లెక్క వినపడదురా అబ్బాయిలూ, చూసుకుని తిప్పండి! నర్సింహా, మూడోది కుడిచేత్తో! బల్గేరియా, ఓకేనా?"

"ఓకే," అన్నాడు స్తోయన్. అని నావైపు చూశాడు.

ఎదురుగా నిలబడ్డవాడి కుడిచెయ్యి వచ్చేది ఆయన ఎడమ చెంపకే. నేను ఒక్కమాట అంటే చాలు. పాప టోపీ ముడి విప్పి మళ్ళీ కట్టాను. ఒక్క దెబ్బ తగలనీ, ఈ సినిమాలు వద్దని వాళ్ళ ఊరు పోతాడు, ఒక్కడే పోతాడు అనుకున్నాను. అంతకంటే చెడ్డగా అనుకోలేదు.

మూడోది తగిలింది. తినేవాడు ముఖం తిప్పుతాడన్న నమ్మకం మీదే ఆ చెయ్యి పూర్తి బలంతో వస్తుంది, మధ్యలో ఆగదు. స్తోయన్ వెల్లకిలా పడ్డాడు. తల బండకు కొట్టుకుంది.

బంజారాహిల్స్‌లో ఒక ఆసుపత్రిలో పదకొండు రోజులున్నాడు. బతికాడు, కానీ కుడి కంటికి కూడా మసకలు కమ్మాయి. నర్సింహ ఆ మంచం పక్కనుంచి లేవలేదు. నా కాన్పు రోజు షూటింగ్‌కు పోయిన మనిషి! స్తోయన్ చేతులు పట్టుకుని ఏడుస్తుంటే నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. అప్పుడు కూడా కుళ్ళుకున్నాను.

"నా చెయ్యి ఆగలే లక్ష్మీ. నేనే కొట్టిన," అని రోజూ అదే మాట. వినలేక చెప్పేశాను, చాయ్ గ్లాసు నుంచి పాప టోపీ దాకా అంతా.

"గాయన చెప్పొద్దన్నడు," అన్నాను చివర్లో.

"గందుకే ఊకున్నవా?"

నాలుగు తిట్టినా బాగుండేది. బట్టలు సర్ది మా ఇద్దరినీ మా పుట్టింటికి, భువనగిరి బస్సెక్కించాడు. పాపను ముద్దు పెట్టుకున్నాడు, నావైపు చూడలేదు.

నిన్న మా ఓనరు శకుంతలమ్మ గారి కార్డు వచ్చింది. స్తోయన్‌ను గదికి తెచ్చారట. ముందే ఒప్పుకున్న పని కాబట్టి నర్సింహ పది రోజులకని మద్రాసు వెళ్ళాడట. "నాకు మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేను అమ్మాయ్. పైన రెండురోజులుగా అలికిడి లేదు," అని రాశారు. ఇక్కడ పాపకు తట్టు పోసింది, మా అమ్మ గడప దాటనివ్వడం లేదు.

మీలో ఎవరైనా కృష్ణానగర్ వైపు ఉంటే, రెండో గల్లీలో, ఇస్త్రీ బండికి ఎదురుగా నీలం గేటు ఇల్లు. పైగదిలో ఉంటాడు. మీకు పుణ్యముంటుంది, ఒక్కసారి మెట్లెక్కి ఆయన ఎట్లా ఉన్నాడో చూడండి. తిన్నాడో లేదో అడగండి.