ప్లీడరు ఫీజు దావా

సత్తియ్య కూలికి వేరొకరి నావ మీద వేటకు పోయి సముద్రంలో మునిగిపోయాడు. శవం దొరకలేదు. అతని సొంత నావ రేవులో ఉంది. "దాన్ని మా తమ్ముడు ఎప్పుడో నాకు అమ్మేశాడు," అని సత్తియ్య అన్న భీమరాజు చెప్పాడు. ఆ మాట నమ్మి అదే రేవు జాలరి లోవరాజు నావ కొన్నాడు. నెల తిరక్కుండానే సత్తియ్య భార్య బుల్లెమ్మ నావ తనదని దావా వేసింది.

లోవరాజు వలలు తాకట్టు పెట్టి ప్లీడరును పెట్టుకున్నాడు.

"శవం దొరికిందా?" అని ప్లీడరు బుల్లెమ్మను అడిగాడు.

"లేదండి."

"దొరకనప్పుడు నీ మొగుడు పోయాడని ఎవరన్నారు? బతికున్నవాడి సొత్తు నీకెలా వస్తుంది?"

మర్నాడు బుల్లెమ్మ మళ్లీ గాజులు తొడుక్కుంది. బొట్టు పెట్టుకుంది.

సత్తియ్య బతికున్నా పోయినా నావ అతని ఇంటిదే, భీమరాజుది కాదు అని మున్సబుగారు తీర్పు చెప్పారు. నావ బుల్లెమ్మకు దక్కింది. రోజూ సాయంత్రమయ్యేసరికి ఆమె అందులోని నీళ్లు తోడి, కూడు మూట పెట్టి, గట్టున కూర్చునేది. రేవు జనం అటు చూడకుండా పోయేవారు.

లోవరాజుకు నిద్ర కరువైంది. సత్తియ్య మునిగిన రోజున తను పక్క నావలోనే ఉన్నాడు. కెరటం మీద సత్తియ్య చెయ్యి పైకి లేచి, వేళ్లు విప్పుకుని, దిగిపోవడం కళ్లారా చూశాడు. ఇప్పుడు కళ్లు మూస్తే ఆ చెయ్యి లేస్తోంది. దిగడం లేదు.

వలలు విడిపించకపోతే ఇల్లు గడవదు. నావ వెలతోపాటు ప్లీడరు ఫీజు కూడా ఇప్పించమని భీమరాజు మీద దావా వేశాడు.

"వెల ఇస్తానండి," అన్నాడు భీమరాజు. "ఫీజుతో నాకేంటండి సంబంధం? ప్లీడర్ని పెట్టుకోమని నేను చెప్పానా? పెట్టుకుని ఏం చేశాడండి, చచ్చినోణ్ణి బతికించాడు."

కోర్టులో నవ్వారు. మున్సబుగారు నవ్వలేదు.

"నీ మాట నమ్మి కొన్నది నిజాయితీగా కాపాడుకోబోతే అయిన ఖర్చు కూడా నష్టమే. నువ్వే ఇవ్వాలి. తెలిసి ఆడిన దొంగవాదమైతే అతని ఖర్చు అతనిదే." లోవరాజు వైపు తిరిగారు. "సత్తియ్య బతికున్నాడని నువ్వు నిజంగా నమ్మావా?"

బుల్లెమ్మ తలుపు దగ్గర నిలబడి వింటోంది. లోవరాజు ఆమె వైపు చూడలేదు. వలలు లేని ఇల్లే కళ్లకు కట్టింది.

"నమ్మానండి," అన్నాడు.

ఫీజు దక్కింది. వలలు విడిపించుకుని, కాలువ పడవ దిగి రేవుకు వచ్చేసరికి బుల్లెమ్మ నావ పక్కనే ఉంది. ఆమె మొహం తేటపడింది.

"ప్లీడరు డబ్బుకి చెప్పాడేమోనని నాకు లోపల గుబులుగానే ఉండేది, లోవరాజన్నా. నువ్వు ప్రమాణం చేసి చెప్పావు కదా. ఆరోజు పక్కన ఉన్నది కూడా నువ్వేనంట. మా మావ ఎటేపు ఈదాడు?"

లోవరాజు భుజం మీది వలలు సర్దుకున్నాడు.

"తూరుపుకి," అన్నాడు.

బుల్లెమ్మ నావ కట్టు విప్పసాగింది. ఆమెకు నావ నడపడం రాదు. లోవరాజు వలలు ఇసుకలో దింపి, ఆమె వెనకాలే ఎక్కి తెడ్డు అందుకున్నాడు. ఎటు తొయ్యాలో ఆమె చెబుతోంది.