పెన్సిల్ కాపీ

ఆదివారం మధ్యాహ్నం కెర్రీ డాడ్స్ రాసిన కథ చదువుతూ ఐదో పేజీకి వచ్చేసరికి రోజలిండ్ క్యాచ్‌పోల్‌కి కడుపులో మంట మొదలైంది. భోజనంలో తిన్న మాంసం అరక్క వచ్చిన మంట కాదు, అసూయ. ఆ మాట ఆవిడ తనతో తాను కూడా ఒప్పుకోదు గాని, మనం ఒప్పుకుంటే పోయేదేం లేదు.

రోజలిండ్‌కి నలభై నాలుగేళ్ళు. ఇరవై ఏళ్ళు బడిపిల్లలకి ఇంగ్లిష్ చెప్పి, ఆ ఉద్యోగం మానేసి, కథలు రాయడంలో ఎం.ఏ. చెయ్యడానికి యూనివర్సిటీలో చేరింది. కెర్రీకి ఇరవై నాలుగు. ఉత్తర ఇంగ్లండులోని సండర్లాండ్ పిల్ల. నిన్న మొన్నటిదాకా సూపర్‌మార్కెట్లో బ్రెడ్డు కాల్చేది. బస్సు డ్రైవరైనా ప్రొఫెసరైనా ఆ పిల్లకి అందరూ "బంగారమే". మొదటి రోజు నుంచీ క్లాసులో వచ్చి రోజలిండ్ పక్కనే కూర్చుంటుంది, "నువ్వు చదివినట్టు ఇక్కడెవరూ చదవరు బంగారం" అంటుంది. అది నిజమే. ఎవరి కథలో ఎక్కడ ప్రాణముందో, ఎక్కడ వేషముందో రోజలిండ్ ఇట్టే పట్టేస్తుంది. తన కథల్లో తప్ప.

ఈ నెలాఖరుకి లండన్ నుంచి ఒకావిడ వస్తోంది. కొత్త రచయితలని వెతికి పట్టుకుని పుస్తకాలు వేయించే ఏజెంటు. పాఠం చెప్పే హ్యూ ప్రోథరో క్లాసు మొత్తానికి ఒక్కటంటే ఒక్క కథ ఎంచి ఆవిడ చేతిలో పెడతాడు. సెప్టెంబరు నుంచి రోజలిండ్ నిద్రాహారాలు ఆ ఒక్కదాని చుట్టూనే తిరుగుతున్నాయి.

ఇక ఐదో పేజీ. బడిలో మధ్యాహ్న భోజనం వడ్డించే తల్లి. వరసలో సొంత కూతురు వస్తుంది. కూతురని ఎక్కువ పెట్టిందంటారేమోనని, ఉడికించి మెదిపిన బంగాళాదుంప అందరికంటే తక్కువ వేసి, మొహం కూడా చూడకుండా "నెక్స్ట్!" అంటుంది. సాయంత్రం ఇంట్లో ఆ తల్లే, ఏమీ అనకుండా, కూతురి కంచంలో రెండు గరిటెలు వేస్తుంది. కూతురు కంచం పక్కకి తోసి, తల్లి మొహం చూడకుండా "నెక్స్ట్!" అంటుంది. అంతే. పేజీ అయిపోయింది.

"ఎందుకలా మూలుగుతున్నావ్?" అన్నాడు భర్త నెవిల్, గిన్నెలు కడుగుతూ.

"ఏం లేదు. నువ్వు సరిగ్గా తోము."

చేతిలో ఉన్న పెన్సిల్ దానంతటది కదిలింది. పేజీ అంచున ఇలా రాసింది: "ఓసి నీ అసాధ్యం కూలా! ఇది నీకెలా తట్టిందే? ఇరవై ఏళ్ళు ఆ వడ్డించేవాళ్ళ ముందు పళ్ళెం పట్టుకు నుంచున్నాను, నాకెందుకు తట్టలేదు? నిన్ను తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది. ఒక్క అక్షరం ముట్టుకున్నావో చంపేస్తాను."

రాసి, చదువుకుని, సిగ్గుపడింది. మేడ మీదకెళ్ళి కథ మళ్ళీ ప్రింటు తీసింది. ఈసారి పెన్నుతో, బడిలో మార్కులు వేసే అక్షరాలతో, అదే పేజీ అంచున రాసింది: "ఇది పాఠకుడి దగ్గర కన్నీళ్ళు అడుక్కుంటోంది. పేజీ మొత్తం తీసెయ్యి."

మంగళవారం క్లాసు. అక్కడొక కట్టుబాటుంది. ఎవరి కథ గురించి మాట్లాడుతున్నారో వాళ్ళు గంటసేపు నోరు మెదపకూడదు. మెచ్చినా చీల్చి చెండాడినా కుక్కిన పేనులా కూర్చుని రాసుకోవాలి. చివర్లో అందరూ తాము గీతలు గీసిన కాపీలు ఆ మనిషికిచ్చేసి వెళ్ళిపోవాలి.

"ఎవరు మొదలెడతారు?" అన్నాడు ప్రోథరో.

మామూలుగా రోజలిండ్ చివర మాట్లాడుతుంది. ఆ రోజు ముందే గొంతు సవరించుకుంది. "కథ నాకిష్టం. ఇష్టం కాబట్టే చెబుతున్నాను. ఐదో పేజీ కథని ముంచేస్తోంది. అది లేకపోతే తల్లి ఇంకా బలంగా నిలబడుతుంది."

కెర్రీ పెన్ను ఆగింది. నోరు తెరవబోయి, కట్టుబాటు గుర్తొచ్చి, పెదాలు బిగించింది.

"నాకూ అక్కడ కాస్త అతి అనిపించింది సుమా," అన్నాడు ఫెలిక్స్. ఆ పేజీ చదివి ఏడ్చానని క్యాంటీన్లో గంట కిందట చెప్పింది ఇతగాడే. ఆపైన రోజలిండ్ తానా అంటే మిగతావాళ్ళు తందానా అన్నారు. ప్రోథరో గడ్డం గోక్కుంటూ విన్నాడు. "ఆలోచించుకో కెర్రీ. రేపు సాయంత్రం ఐదింటికల్లా అందరి కథలూ నాకు రావాలి," అన్నాడు.

రోజలిండ్ బస్సెక్కి సంచీ తెరిచింది. పెన్నుతో రాసిన కాపీ సంచీలోనే ఉంది. కెర్రీకి ఇచ్చొచ్చింది పెన్సిల్ది.

మర్నాడు మూడింటికి రోజలిండ్ క్యాంటీన్లో టీ ముందు పెట్టుకుని కూర్చుంది. కెర్రీ వచ్చి ఎదురుగా కూర్చుంది. ల్యాప్‌టాప్ తెరిచి, దాని పక్కన ఆ పెన్సిల్ కాపీ పెట్టింది.

"రాత్రే ఆ పేజీ తీసిపారేశాను," అంది. "నువ్వు చెప్పావు కదా. ఇంక ఆలోచించేదేముందనుకున్నా. తర్వాత అందరి కాపీలూ చదివాను. నీది చివరికి దాచుకున్నా, ఎప్పుడూ అంతే చేస్తాను."

కెర్రీ ఆ కాపీలో ఐదో పేజీ తీసి రోజలిండ్ వైపు తిప్పింది.

"పంపడానికి రెండు గంటలుంది. నీ నోరొకటి చెప్పింది, నీ పెన్సిలొకటి చెప్పింది. ఎవరి మాట వినమంటావ్ బంగారం?"

నోటి మాటే విను అంటే చాలు. మొదటిసారి చదివినప్పుడు ఆవేశపడ్డాను, రెండోసారి నిదానంగా ఆలోచించాను అంటే ఈ పిల్ల నమ్ముతుంది. ఐదో పేజీ లేకపోతే ఆ కథ పదిట్లో ఒకటి. అప్పుడు ప్రోథరో ఎంచేది తన కథే. అది రోజలిండ్‌కి ఖాయంగా తెలుసు. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కాని కాగితం మీద ఆ "నెక్స్ట్!" మళ్ళీ కంటపడింది. దాన్ని చంపడానికి చెయ్యి రాలేదు.

"పెన్సిల్ది," అంది. "నిన్న కుళ్ళుకుని చెప్పాను. పేజీ పెట్టెయ్యి."

కెర్రీ రెండు మీటలు నొక్కింది. పేజీ వెనక్కొచ్చింది. మరో మీట నొక్కింది, కథ ప్రోథరోకి వెళ్ళిపోయింది. రోజలిండ్‌కి తన సెప్టెంబరు నుంచి మే దాకా ఆ ఒక్క చిన్న చప్పుడులో పోయినట్టనిపించింది.

"కోపం రాలేదా నీకు?"

"వచ్చింది. రాత్రంతా తిట్టుకున్నా. సరే, నీ కథ గురించీ ఒక మాట చెప్పనా? వచ్చే మంగళవారమైతే నువ్వు నోరు మూసుక్కూచోవాలి. ఇప్పుడైతే తిరిగి తిట్టొచ్చు."

"చెప్పు."

"కిటికీలోంచి పడే వెలుగు గురించి మూడు పేజీలు రాశావు. మనుషులేమో 'దయచేసి', 'క్షమించండి' అనుకుంటూ తిరుగుతుంటారు. ఒక్కళ్ళకీ ఒళ్ళు మండదు. ఇదిగో, ఈ అంచుల్లో ఒకావిడుంది చూడు." కెర్రీ పెన్సిల్ రాత మీద వేలు పెట్టింది. "కుళ్ళి చస్తోంది, అయినా అబద్ధం రాయలేకపోతోంది. ఈవిడ గురించి రాస్తే నేను చదువుతా."

కెర్రీ అన్నది నిజమని రోజలిండ్‌కి తెలిసిపోయింది. ఎనిమిది నెలలుగా ప్రోథరోతో సహా అందరూ ఆ కథని "చక్కగా ఉంది" అని వదిలేశారు. ఊళ్ళో వాళ్ళందరి కథల్లోనూ లోపం పట్టే తనకీ అది కనిపించలేదు. రాయడం చేతకాకపోతే పోనీ, చదవడమైనా తన సొత్తని ఇన్నాళ్ళూ గుండె దిటవు చేసుకుంది. బ్రెడ్డు కాల్చుకునే పిల్ల ఒక్క టీ చల్లారేలోగా అదీ పట్టుకుపోయింది.

"నీ టీ చల్లారిపోయింది. ఇంకోటి తెస్తానుండు," అని లేచింది కెర్రీ.

తప్పు చేసింది తనేనని రోజలిండ్‌కి తెలుసు. అయినా కౌంటరు వైపు నడిచి వెళ్తున్న ఆ పిల్ల వీపు వైపే చూస్తూ, దీన్ని మాత్రం జన్మలో క్షమించను అనుకుంది.