పిల్లి పెట్టిన శోకం

ఇస్త్రీ కొట్టాయన పెళ్లాం పోయి నెల తిరగకముందే, ఆ కొట్టులో పిల్లి వీధి వీధంతటికీ మహాభక్తురాలైపోయింది. ఇల్లాలు కూర్చుని బట్టలు మడతపెట్టే ముక్కాలిపీటను అది వదల్లేదు మరి. మొదటివారం "పాపం, నిట్టూరుస్తోంది" అన్నారు. రెండోవారానికి పాలు మానేసింది. మూడోవారం ముందుకాలితో కన్నీళ్లు తుడుచుకుంటుంటే పాలవాడు కళ్లారా చూశాడట. ఆ నెల్లో అది బాగా ఒళ్లు చేసిన సంగతి మాత్రం ఎవరి కంటా పడలేదు.

ఆయన మాత్రం చొక్కాలు రుద్దుకుంటూ పోయాడు. కాలరు, భుజం, చేతులు, వీపు. ఏడుపు రాలేదు. వేలు కాలి బొబ్బెక్కితే సాయంత్రందాకా చూసుకోలేదు.

ఓ పొద్దున పెళ్లాం అక్కగారు దిగింది.

"ఏం మరిదిగారూ, నోరులేని జీవానికున్నపాటి మనసు మీకు లేకపోయిందే! మా చెల్లెలితో ఇరవయ్యేళ్లు కాపరం చేసింది మీరా, పిల్లా?"

"పిల్లి నిరుడే వచ్చింది వదినా," అన్నాడు. ఎగతాళి కాదు, అడిగింది కాబట్టి చెప్పాడు.

"దీన్ని నేను పెంచుకుంటా. పీట కూడా ఇవ్వండి, దానిమీదే దీని ప్రాణం."

ఇల్లాలి గుర్తులుగా కొట్టులో మిగిలినవి ఆ రెండే. వద్దనాలని తెలుసు. "తీసుకెళ్లండి," అన్నాడు.

నాలుగోరోజు వదిన ఒక చంకలో పిల్లితో, ఇంకో చేతిలో పీటతో తిరిగొచ్చింది.

"పీట వంక కన్నెత్తి చూడదు! పొద్దస్తమానం ఫ్రిజ్ వెనక దూరి నిద్ర. మూడురోజుల్లో మా చెల్లెల్ని మరిచిపోయింది, విశ్వాసంలేని జంతువు!"

ఆయన తలెత్తలేదు. చొక్కా రుద్దడం అయింది. చూడకుండానే ఎడంచేత్తో పక్కకి, పీట ఉండే చోటికి అందించి వదిలేశాడు. చొక్కా నేలమీద పడింది. అక్కడ అప్పటికే నాలుగున్నాయి. పిల్లి చంకలోంచి దూకి, పొగలు కక్కుతున్న ఆ చొక్కామీద చుట్టచుట్టుకుంది.

వదిన పిల్లిని చూసింది. చొక్కాల్ని చూసింది. ఆయన చేతిని చూసింది.

"రోజూ ఇలాగేనా?"

"ఏది?" అన్నాడు. కిందికి చూసి, "అవా... సాయంత్రం ఏరి మళ్లీ రుద్దుతున్నా. ఎందుకు పడుతున్నాయో తెలీట్లేదు."

వదిన పీట పాతచోటే వేసి కూర్చుంది. ఇంకో చొక్కా వేడివేడిగా వచ్చి ఒళ్లో పడింది.

"మడత ఎలా పెట్టేది మా చెల్లెలు?"

"చేతులు ముందు లోపలికి," అన్నాడు. ఇస్త్రీపెట్టె తర్వాతి చొక్కా మీదే ఆగిపోయింది. కాలిన వాసన కొట్టు నిండేదాకా ఎత్తలేదు.