పైకి తేలిన టైరు పొడి

ఇంత నలుపు పైనే ఎందుకు చేరింది, విరిగిన ఇటుక ముక్కను ఆమె కిటికీ వెలుగులోకి తిప్పింది, పై అంగుళమంతా టైరు పొడి, అడుగున ఉత్త సిమెంటూ బూడిదా ఇసుకా, ఒకే తట్టలో కలిపినవి ఇలా ఎందుకు విడిపోయాయి, పొద్దున పరీక్ష యంత్రం కింద మూడు పెడితే మూడూ పటుక్కున విరిగాయి, యజమాని గుమ్మంలోనే నిలబడి, అమ్మాయ్, ఇవాళ ఇంకో మూడు పోసి చూడు, అవీ విరిగితే నీ టైర్ల సరదాకో దండం, మళ్లీ పాత ఇటుకే పోద్దాం అని వెళ్లిపోయాడు, సరదా అట, సిమెంటు బట్టీల పొగ కొంతైనా తగ్గాలని రెండేళ్లుగా సిమెంటు తగ్గించి బూడిదా టైరు పొడీ కలిపి తల బద్దలుకొట్టుకుంటుంటే ఆయనకది సరదా, ఒళ్లు మండిపోయింది, సరే, కోపం తర్వాత, ముందు ఈ నలుపు సంగతి, పొడి కడగలేదా, రెండుసార్లు కడిగింది, నీళ్లు ఎక్కువయ్యాయా, కొలిచే పోసింది, మరి, బియ్యం కడిగితే పొట్టు తేలినట్టు తేలిందా, తేలాలంటే ఎవరో బాగా కుదపాలి కదా.

బయట అచ్చులను కుదిపే బల్ల గుర్రుమంటోంది, బల్ల దగ్గర మేనమామ, ముప్పై ఏళ్ల చెయ్యి, తనకు తాపీ పట్టడం నేర్పినవాడు, టైర్లన్న మొదటిరోజే, చెప్పులు కుట్టుకునేదాన్ని గోడలో పెడతావేమే అని నవ్వినవాడు, ఆ నవ్వు ఇంకా ముల్లులా ఉంది, కావాలనే చెడగొడుతున్నాడా, ఛీ, ఏం ఆలోచన ఇది, అయినా కాళ్లు గుమ్మం దాకా వెళ్లాయి, మామూలు ఇటుకల అచ్చు పెట్టాడు, ఇరవై లెక్కపెట్టేసరికి బల్ల ఆపేశాడు, ఇప్పుడు తన మూడు అచ్చులు, పది చాలని గోడ మీద తనే రాసింది, పది దాటింది, ఇరవై, ముప్పై, నలభై, ఆపు మామయ్యా, ఎందుకంతసేపు, ఆయన చెమట తుడుచుకుని, ఉండవే, నీ ఇటుక కదా, ఇంకాస్త గట్టిపడనీ, విరిగితే యజమాని నిన్ను అందరి ముందూ అంటాడు, నేను వినలేను అన్నాడు, చెయ్యి ఇంకా మీట మీదే ఉంది, అచ్చులో నల్లటి పొడి మెల్లగా పైకి వస్తోంది, రెండేళ్లుగా మామయ్యకు తన ఇటుక మీద నమ్మకం లేదనుకుంది, ఆ ఇటుకను విరగ్గొడుతున్నది తన మీద ఆయనకున్న ప్రేమే.