చల్లని తుపాకి మొదటి దెబ్బ

ఆర్చీ పుల్లర్ చొక్కా అంచు పైకి లాగి తుపాకి మీది దుర్భిణి అద్దాన్ని మళ్ళీ తుడిచాడు. ఈ వారమంతా ఇదే తంతు. సోమవారం నాడు వాయావు ఏటి మీంచి లేచిన మంచు అద్దానికి పట్టిందనుకున్నాడు. మంగళవారం మంచు లేదు, మసక మాత్రం ఉంది. ఆ తర్వాత దుర్భిణులు చేసినవాళ్ళని తిట్టుకోవడం మొదలుపెట్టాడు. గురి కాగితం అంచులు చక్కగా కనిపిస్తాయి. దాన్ని పట్టి ఉంచిన మేకులు కనిపిస్తాయి. వెనకనున్న మట్టికట్ట మీద గడ్డి కూడా కనిపిస్తుంది. సరిగ్గా నడుమ నల్లటి చుక్క ఉండాల్సిన చోటే ఎవరో తడివేలితో అలికేసినట్టు ఉంటుంది.

ఇవాళ శనివారం. ఇంకాసేపట్లో పాత స్నేహితుడి కూతురు నైరీ వస్తుంది. ఆమె వచ్చేసరికి మూడు తుపాకుల్లో ఒకదాన్ని తేల్చి చేతికివ్వాలి. వారం నుంచి కాలుస్తున్నా ఒక్కటీ తేలలేదు.

పశువుల సంతదొడ్డి వెనక, ఏటిగట్టున, రేకుల చూరు కింద ఒక చెక్కబల్ల. దాని మీద బార్లీ గింజలు కూరిన చిన్న సంచి. పక్కన గోడకి ఆనించి మూడు తుపాకులు, మూడూ ఒకే కంపెనీవి, ఒకే రకం, ఒకే పెట్టెలో వచ్చినవి. ఏది ఏదో తెలియడానికి ఆర్చీ వాటికి ఊలు ముక్కలు కట్టాడు. ఒకదానికి ఎరుపు, ఒకదానికి ఆకుపచ్చ, ఒకదానికి తెలుపు.

ఆర్చీకి డెబ్భై దాటాయి. సన్నగా పొడుగ్గా ఉంటాడు. మొహానికి మించిన చెవులు, చలికి వాటి అంచులు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. ఎడమచేతి చిటికెనవేలు సగమే ఉంది, తక్కిన సగాన్ని కుర్రతనంలో మంచు కొరికేసింది. లెక్స్ కొట్లో పనిచేసేటప్పుడు వేసుకునే గోధుమరంగు కోటే ఇక్కడికీ వేసుకొస్తాడు. దాని జేబుల్లో పిప్పరమెంటు బిళ్ళలు, దారపు ఉండ, పాత పేపరు నుంచి చింపిన సన్నని ముక్కలు. పేపరు ముక్కలు ఆయన పనిముట్లు. కొత్త తుపాకి వస్తే ముందు వెనకనుండే బోల్టు గడియ తీసి గొట్టంలోంచి వెలుతురుకేసి చూస్తాడు. తర్వాత గొట్టానికీ కింది కర్రకీ మధ్య పేపరు ముక్క దూర్చి ఈ చివర నుంచి ఆ చివరకి లాగుతాడు. ఎక్కడైనా పట్టిందా, ఆ తుపాకి మళ్ళీ పెట్టెలోకే. కర్ర వానకి ఉబ్బితే గొట్టాన్ని నెడుతుంది, గొట్టం కదిలితే తూటా తన దారిన తాను పోతుంది.

ఆ పరీక్షకి నిలిచినవాటిని ఇక్కడికి తెస్తాడు. రోజుకి ఒక్కో తుపాకితో ఒక్కటే దెబ్బ, అదీ పొద్దున్నే, గొట్టం చల్లగా ఉన్నప్పుడు. మర్నాడు అదే కాగితం మీద ఇంకొకటి. వారం తిరిగేసరికి ఏ కాగితం మీద చిల్లులన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే అదే తుపాకి. వరసగా కాల్చి గొట్టం వేడెక్కాక అన్నీ ఒకే చోట పడ్డాయని మురిసిపోయేవాళ్ళని చూస్తే ఆయనకి నవ్వొస్తుంది. నీ తుపాకి వేడెక్కేదాకా దుప్పి అక్కడే నిలబడి ఉంటుందా?

ఊళ్ళో కొందరు కొత్త తుపాకి కొని, మర్నాడే కర్ర మార్పించి, ట్రిగ్గర్ అరగదీయించి, గొట్టం కూడా వేరేది బిగించుకుంటారు. ఆర్చీ వాళ్ళని ఏమీ అనడు. ఎవరైనా అడిగితే మాత్రం చెప్తాడు, బాగుచేసుకున్నది మళ్ళీ పాడవుతుంది, పుట్టుకతోనే బాగున్నదాన్ని వెతుక్కోండి అని. ఆ మాట చెప్పడానికి నలభై ఏళ్ళుగా ఆ కొట్లో కౌంటరు వెనక నిలబడుతున్నాడు. కంచె తీగలు, గొర్రెల మందులు, రబ్బరు బూట్లు అమ్ముతూనే, తుపాకి కోసం వచ్చినవాళ్ళని మాత్రం వారం తిప్పుకుంటాడు.

"ఏంటి ముసలాయనా, ఇంకా తేల్లేదా?" అన్నాడు నిన్న సాయంత్రం కొట్టు మూసేటప్పుడు లెక్స్. "మూడూ ఒకే ఫ్యాక్టరీలో పుట్టినవి. కళ్ళు మూసుకుని ఏదో ఒకటి ఇచ్చెయ్యి."

"నువ్వూ మీ అన్నా కూడా ఒకే ఇంట్లో పుట్టారు," అన్నాడు ఆర్చీ. "ఆయనకి టైముకి లేవడం వచ్చు."

లెక్స్ పగలబడి నవ్వాడు. ఆర్చీ మాత్రం నవ్వలేదు. జేబులో మూడు కాగితాలున్నాయి. మూడింటి మీదా చిల్లులు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి.

ఇప్పుడు ఎర్ర ఊలుదాన్ని సంచి మీద ఆనించి, ఎడమకన్ను మూసి, మసకలో నడుమ ఎక్కడుంటుందో ఊహించి కాల్చాడు. కాసేపాగి పచ్చది, ఆ తర్వాత తెల్లది. నడుచుకుంటూ వెళ్ళి చూశాడు. ఒకటి పైన, ఒకటి కింద, ఒకటి కాగితం అంచున. ఇన్నేళ్ళలో ఇంత దరిద్రపు సరుకు ఎప్పుడూ రాలేదనుకున్నాడు.

ఇక మిగిలింది తన పాతది. ఎంపిక చివరి రోజున తన తుపాకితో ఒక దెబ్బ కాల్చడం ఆర్చీకి మొదటినుంచీ ఉన్న అలవాటు. ఇంట్లో పెద్దవాళ్ళతో ఒక మాట చెప్పడం లాంటిది. ఆ తుపాకి సైన్యం వాడి వదిలేసింది. దానికి దుర్భిణి లేదు, ఇనప గురి మాత్రమే.

అది దొరికిన రోజు ఆయనకి నిన్నో మొన్నో జరిగినట్టు ఉంటుంది. దుప్పులు పెరిగిపోయి కొండల మీద గడ్డి పరక మిగలడం లేదని సర్కారు వాళ్ళు వేటగాళ్ళని కొలువుకి పెట్టుకున్న కాలం అది. రేకుల షెడ్డులో తుపాకులు కట్టెల్లా పేర్చి ఉంటే, కుర్రాళ్ళంతా చేతికందినది పట్టుకుని వెళ్ళిపోయారు. ఇద్దరే మిగిలారు, ఆర్చీ, హేమి. హేమి ఆ నేల మూలవాసులైన మావోరిల కుర్రాడు, భుజాలు గుమ్మానికి సరిపోయేంత ఉండేవి. ఇద్దరూ ఒక్కో తుపాకీ తీసి గొట్టంలోంచి చూసి పక్కన పెట్టడం, ఇంకోటి తియ్యడం. అయిదోరోజుకి షెడ్డు పెద్దాయన ఓపిక అయిపోయింది. "ఒరే, పెళ్ళాన్ని ఎంచుకునేటప్పుడైనా ఇంత చూస్తార్రా?" అన్నాడు. "పెళ్ళాం గురి తప్పితే పళ్ళెమే పగులుద్ది సార్," అన్నాడు హేమి.

ఆ తర్వాత పన్నెండేళ్ళు ఇద్దరూ ఒకే గుడారంలో పడుకున్నారు. వాన కురుస్తుంటే డబ్బాలో టీ కాచుకునేవాళ్ళు, కుట్టే ఇసుక ఈగల్ని తిట్టుకునేవాళ్ళు. హేమి పాడేవాడు, ఆర్చీ ఉప్పుమాంసం కోసేవాడు. ఆ టీలో పొగ వాసన ఆర్చీకి ఇప్పటికీ గుర్తొస్తుంది. ఒక వసంతంలో, మంచు కరిగి పొంగిన ఏరు దాటుతూ హేమి జారాడు. మనిషి రెండోరోజున దొరికాడు. తుపాకి దొరకలేదు. హేమి కూతురు నైరీకి అప్పటికింకా మాటలు కూడా సరిగ్గా రావు.

ఆర్చీ కొండలు దిగి లెక్స్ తండ్రి కొట్లో చేరింది ఆ ఏడే. మేవిస్‌ని పెళ్ళి చేసుకుందీ ఆ ఏడే. బల్ల మీది సంచి మేవిస్ కుట్టింది, ఆయన పాత ఉన్ని ప్యాంటు కాలు కత్తిరించి. "నా మీద కన్నా దీని మీదే నీకు ప్రేమ ఎక్కువ," అనేది. బార్లీకి ఎలుకలు వస్తాయని ఏటా విప్పి, గింజలు మార్చి, మళ్ళీ కుట్టేది. ఆవిడ పోయాక గింజలు ఎవరూ మార్చలేదు. ఊలు ముక్కలు కూడా ఆవిడ బుట్టలోవే.

పాత తుపాకిని సంచి మీద పెట్టాడు. అది దాని పల్లంలోకి అదే సర్దుకుంది. చెంప ఆనించి ఎడమకన్ను మూశాడు.

నడుమ చుక్క లేదు.

అద్దం లేదు, మంచు లేదు, ఏమీ లేదు. ఇనప గురికీ ఆయనకీ మధ్య ఉన్నది గాలి ఒక్కటే. అయినా మసక అక్కడే ఉంది. తల పక్కకి తిప్పి ఏటికేసి చూశాడు. మసక ఏటి మీదికి వచ్చింది. సంతదొడ్డి గేటు వైపు చూశాడు. గేటు నడుమ గడియ మాయమైంది. ఎడమకన్ను తెరిచాడు, గడియ తిరిగి వచ్చింది.

అయినా కాల్చాడు, తుపాకి ఏమంటుందో విందామని. వెళ్ళి చూస్తే చిల్లు చుక్కకి జానెడు దూరంలో ఉంది. యాభై ఏళ్ళుగా చుక్క నెత్తిన వేలెడు మేర తప్ప ఎక్కడా కొట్టని తుపాకి. ఆర్చీ ఆ చిల్లు మీద వేలు పెట్టి చూశాడు. పాపం, వారమంతా తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి. తుపాకుల్ని, అద్దాల్ని, మంచుని, అందరినీ తిట్టాడు. ఆయనకి భయమేసింది. కొండల్లో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు.

గట్టు మీద బండి ఆగిన చప్పుడైంది. నైరీ దిగింది. నలభై ఏళ్ళ మనిషి, తండ్రి భుజాలే వచ్చాయి. పైనెలలో సరస్సు అవతలి అడవిలో దుప్పుల్ని తగ్గించే పని మొదలుపెడుతోంది. ఆ చిక్కటి అడవిలో రెండో దెబ్బకి అవకాశం ఉండదు. మొదటిది తప్పితే దుప్పి కాలో పొట్టో చీలి, పొదల్లో రోజుల తరబడి చస్తుంది. అలా దుప్పిని గాయపరిచి వదలడం తండ్రి ఎన్నడూ చెయ్యలేదని ఆమెకి తెలుసు.

"చీజ్ రోల్స్ తెచ్చా బాబాయ్, వేడివేడిగా," అంది, పొట్లం బల్ల మీద పెడుతూ. "చెప్పు, ఏది నాది?"

ఆర్చీ మూడు తుపాకుల వైపూ చూశాడు. ఏదో ఒకటి చెప్తే సరిపోతుంది. తనకి తెలియదని ఎవరికీ తెలియదు. మూడూ మంచివే కావచ్చు. సోమవారం మళ్ళీ కోటు వేసుకుని కౌంటరు వెనక నిలబడొచ్చు.

"తెల్లది," అన్నాడు.

నైరీ దాన్ని అందుకుని, బోల్టు వెనక్కి లాగి గొట్టం ఖాళీగా ఉందో లేదో చూసుకుని, భుజానికి ఆనించింది. మొహం వెలిగిపోయింది. "మా అమ్మ ఏమనేదో తెలుసా? ఆర్చీ కట్టుకోబోయేదానికైనా అబద్ధం చెప్తాడు గానీ తుపాకి సంగతిలో చెప్పడు, మీ నాన్న ఎప్పుడూ ఆ మాటే అనేవాడు అని."

ఆర్చీ బల్ల మీద కూర్చుండిపోయాడు.

"కింద పెట్టమ్మాయ్ దాన్ని."

"ఏమైంది?"

"అది మంచిదో కాదో నాకు తెలీదు. ఏదీ తెలీదు. నా కుడికన్ను పోయింది. వారం నుంచీ తుపాకులు చెడ్డవనుకున్నా. చెడింది నేను."

నైరీ తుపాకి గోడకి ఆనించి వచ్చి పక్కన కూర్చుంది. చీజ్ రోల్ ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టింది.

"డాక్టర్ దగ్గరికి వెళ్ళావా?"

"ఇందాకేగా తెలిసింది."

"సోమవారం ఇన్వర్‌కార్గిల్ పెద్దాసుపత్రికి తీసుకెళ్తా. మొండికేస్తే ఎత్తి బండిలో పడేస్తా, చెప్తున్నా."

"మీ నాన్న ఒకసారి అలాగే పడేశాడు, గుర్రం మీద," అన్నాడు ఆర్చీ. "కాలు బెణికితే. దారిపొడుగునా పాడుతూనే ఉన్నాడు, నా నొప్పి కన్నా ఆ పాటలే ఎక్కువ బాధపెట్టాయి." ఇద్దరూ నవ్వారు. ఫ్లాస్కులోంచి టీ పోసుకున్నారు. గొట్టాలు చల్లారాలి కదా, ఆయన కబుర్లు చెప్తూనే ఉన్నాడు. హేమి ఏ కొండ మీద ఏ పాట పాడేవాడో, రొట్టె ఎలా మాడ్చేవాడో, కూతురు పుట్టిందన్న కబురు విని వానలో ఎలా గంతులేశాడో అన్నీ చెప్పాడు. నైరీకి సగం తెలియనివే. ఆమె కళ్ళు తుడుచుకుంటే చూడనట్టు ఊరుకున్నాడు.

గొట్టాల మీద అరచెయ్యి ఆనించి చూసి, ఆర్చీ కొత్త కాగితాలు కట్టాడు. నైరీ కూర్చుంది. ఎర్రది, పచ్చది, తెల్లది, ఒక్కొక్కటే దెబ్బ. ఆర్చీ ఎడమకంటితో కాగితాలు చూశాడు. మూడు చిల్లులూ చుక్క చుట్టుపక్కలే ఉన్నాయి.

"అయితే ఏదైనా పర్లేదా?"

"ఒక్క దెబ్బతో ఏం తెలుస్తుంది? రేపు పొద్దున రా. ఎల్లుండి రా. ఇన్వర్‌కార్గిల్ వెళ్ళే ముందే కాల్చెయ్యి. ఈ కాగితాలే వాడు, మార్చకు. వారం తిరిగేసరికి ఏది నీదో అవే చెప్తాయి."

"నువ్వూ వస్తావుగా?"

ఆర్చీ తన పాత తుపాకి తీసి ఆమె చేతికిచ్చాడు. "దీంతో ఒకటి కొట్టు."

ఆమె కొట్టింది. చుక్క నెత్తిన, వేలెడు మేర. ఎప్పుడూ కొట్టే చోటే. ఆర్చీ అంత దూరం నడిచి వెళ్ళి, ఆ చిల్లు చూసి, తిరిగి వచ్చి, పాత తుపాకిని గుడ్డలో చుట్టాడు. గోధుమరంగు కోటు విప్పి మడిచి, జేబులోని పేపరు ముక్కలూ ఊలూ తీసి నైరీ గుప్పిట్లో పెట్టాడు. కోటు లెక్స్‌కి ఇవ్వమన్నాడు. ఒట్టి చొక్కాతో, తుపాకి చంకన పెట్టుకుని, గట్టు వెంట ఇంటిదారి పట్టాడు. ఎడమకన్ను ఉంది కదా, దారి బాగానే కనబడుతోంది.

"బాబాయ్! సంచి మర్చిపోయావ్!" అని నైరీ వెనకనుంచి కేకేసింది.

"మర్చిపోలేదు," అన్నాడు ఆర్చీ, వెనక్కి తిరక్కుండానే.

నైరీ బల్ల దగ్గరికి వెళ్ళింది. ఉన్ని ప్యాంటు కాలితో కుట్టిన సంచి మీద, మేవిస్ వేసిన కుట్ల పక్కన, పాత తుపాకి ఆనిన పల్లం అలాగే ఉంది.